పోలీసు లెక్క సైన్సు కాదు

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నా కడుపు రగిలిపోతోంది. సీమ అంటే ఫ్యాక్షన్, స్టూవర్టుపురం అంటే దొంగతనం అని తెరమీద చూపిస్తే తప్పేమిటని మీ వ్యాసకర్త అడిగారు. పోలీసు రికార్డులున్నాయి కాబట్టి అది సైన్సేనని తేల్చేశారు.

నాది స్టూవర్టుపురం. ఫిలింనగర్‌లో ఉంటూ కాస్ట్యూమ్స్‌లో పనిచేస్తున్నాను. ఆ మధ్య జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో పెళ్లి సీను తీస్తుంటే హీరోయిన్ వడ్డాణం కనబడలేదు. అది గిల్టుదే. యూనిట్‌లో అంతమంది ఉండగా మేనేజర్ నేరుగా నా దగ్గరికొచ్చాడు. మాది ఏ ఊరో అతనికి తెలుసు. లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు చూస్తుండగా నా సంచీ నేలమీద బోర్లించాడు. దారపు ఉండలు, పిన్నీసుల డబ్బా, కత్తెర, మా ఆవిడ కట్టిచ్చిన క్యారేజీ. అంతే. లంచ్ బ్రేక్ లోపే వడ్డాణం క్యారవాన్‌లో, విప్పేసిన పట్టుచీర మడతల్లో దొరికింది. ఎవరూ క్షమించమనలేదు. ‘మీ ఊరికి ఆ పేరుంది కదా, నన్నేం చేయమంటావ్?’ అన్నాడు మేనేజర్. మీ వ్యాసకర్త అన్నదీ అదే.

ఆ రికార్డులు ఎలా పుట్టాయో తెలుసా? ఎడ్లమీద, గాడిదలమీద ఉప్పు మోసి అమ్ముకునే ఎరుకలవాళ్ల వ్యాపారం రైళ్లొచ్చాక దెబ్బతింది. 1871లో చేసిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. వాళ్ల పేర్లు రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, మా ఊరిలాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటితే అదే నేరం, అదే కేసు. ఒక్క చెరువులోనే వల వేసి, చేపలన్నీ ఇక్కడే ఉన్నాయంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ సినిమా టీజర్‌లో మా ఊరిని చూపిన తీరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది.

అదే పేజీలో, తెలుగమ్మాయిలు హీరోయిన్లుగా పనికిరారని ఎవరో అన్న మాటనూ ప్రశ్నించకుండా అచ్చేశారు. భానుమతి, సావిత్రి, జమున ఎవరు? రాజోలు అమ్మాయి అంజలి ‘అంగాడి తెరు’ (2010)తో తమిళులను మెప్పించలేదా? అవకాశం ఇవ్వకుండా చేతకాదనడం న్యాయమా?

సగటు లెక్కలన్నీ తప్పని నేను అనను. ఏ ఊళ్లో ఎంతమంది పిల్లలు బడి మానేశారో లెక్క ఉంటేనే ప్రభుత్వం పనిచేయగలదు. కానీ ఆ లెక్క చూసి, ఎదురుగా నిలబడ్డ పిల్లవాడు బడి ఎగ్గొడతాడని చెప్పలేం. పోనీ, నేరం రక్తంలోనే ఉందంటారా? మనుషుల జన్యువుల్లోని తేడాల్లో సుమారు 85 శాతం ఒకే సమూహం లోపలే ఉన్నాయని 1972లోనే జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్కగట్టి చూపాడు. పుట్టుకను బట్టి మనిషి బుద్ధిని చెప్పే సైన్సు ఏదీ లేదు.

ఇకమీదట ఒక ఊరి గురించో, కులం గురించో లెక్కలు అచ్చేసేముందు ఆ లెక్క ఎవరు తీశారో, ఎవరిని మాత్రమే లెక్కించారో కూడా రాయండి. ఆదివారం వ్యాసానికి సవరణ వేయండి. మా పిల్లలు కూడా మీ పత్రిక చదువుతున్నారు.

ఇట్లు,
కాస్ట్యూమ్స్ విభాగం కార్మికుడు,
ఫిలింనగర్, హైదరాబాద్