బెల్టు సరే, కొక్కెం ఎక్కడ తగిలించాలి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామని కూర్చున్నాను. నీళ్ల పప్పు, ట్రంకు పెట్టె, ఆదివారం టీవీ... ఇవన్నీ మన సీనియర్లు నాకంటే బాగా రాసేశారు. అందుకని మనలో చాలామంది ఇళ్లకు సంబంధించినదే అయినా మనం ఎన్నడూ మాట్లాడుకోని ఒక విషయం రాస్తున్నాను. ఎత్తు మీద పనిచేసే మన నాన్నల, అన్నల ఒంటి మీద ఉండాల్సిన సేఫ్టీ బెల్టు గురించి.

మాది నారాయణపేట వైపు పల్లె. మా నాన్న గుంపు మేస్త్రీ వెంట హైదరాబాదుకు పనికి పోయిన మనిషి. సెంట్రింగ్, బయటి గోడల ప్లాస్టరింగ్ చేసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా రెండో అంతస్తు గోవా మీద నుంచి పడ్డాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది, తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి వచ్చిన కాంట్రాక్టరు మనిషి మొట్టమొదట అడిగిన మాట "తాగి ఎక్కిండా?" అని. మా నాన్న తాగడు. తర్వాత "బెల్టు ఇచ్చినం, వాడకపోతే మేమేం జెయ్యాలె" అని చెప్పి వెళ్లిపోయాడు. బెల్టు ఇచ్చిన మాట నిజమే. అందుకే చాలా ఏళ్లు నేను కూడా నాన్న మీదే కోపం పెట్టుకున్నాను. డిగ్రీలో ఉన్నప్పుడు ఒకరోజు అడిగేశాను, ఎందుకు వాడలేదని. నాన్న నా మొహంలోకి చూసి, "నడుముకు కట్టుకుంటి బిడ్డా. కొక్కెం ఏడ తగిలియ్యాలె? గాలికా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నాకు తెలిసిన సంగతులు ఇవి.

ఎమ్మెస్సీలో చదివిన ఫిజిక్సు ఇక్కడ కాస్త పనికొచ్చింది. ఆరున్నర మీటర్ల ఎత్తు నుంచి పడిన మనిషి ఒకటింబావు సెకను లోపే నేలను తాకుతాడు. అప్పటికి వేగం గంటకు 40 కిలోమీటర్లు. "జాగ్రత్తగా ఉండాలి" అనే మాటకు ఆ సెకనులో చోటు లేదు. తాడు ఉన్నా, అది ఉత్త తాడు అయితే ప్రమాదమే. రెండు మీటర్లు పడ్డాక పది సెంటీమీటర్లలో ఠక్కున ఆపితే, శరీరం మీద పడే లాగుడు మన బరువుకు ఇరవై రెట్లు దాటుతుంది. 70 కిలోల మనిషి మీద దాదాపు పద్నాలుగు వందల కిలోల దెబ్బ. అదంతా నడుముకు కట్టిన ఒక్క పట్టీ మీద పడితే కడుపులో అవయవాలు, వెన్నెముక ఏమవుతాయో ఊహించుకోవచ్చు. తలకిందులై పట్టీలోంచి జారిపోవచ్చు కూడా. అమెరికాలో 1998 జనవరి 1 నుంచి, పడే మనిషిని ఆపడానికి నడుము బెల్టు వాడటాన్ని నిషేధించారు. మా నాన్నకు అలాంటి బెల్టు ఇచ్చింది ఆ తర్వాత పదిహేనేళ్లు దాటాక.

ఒళ్లంతా పట్టే హార్నెస్ వేరు. భుజాల మీదుగా, ఛాతీ చుట్టూ, తొడల చుట్టూ పట్టీలు ఉంటాయి. వీపు మీద రెండు రెక్కల మధ్య ఇనుప రింగు ఉంటుంది. పడినప్పుడు దెబ్బ తొడలకు, తుంటికి, భుజాలకు పంచుకుపోతుంది, మనిషి నిలువుగా వేలాడతాడు. తాడుకు ఒక చిన్న సంచి లాంటిది ఉంటుంది. అందులో మడిచి కుట్టిన పట్టీ కుట్లు ఒక్కొక్కటే పిగులుతూ దెబ్బను మింగేస్తాయి. ఆరు వందల కిలోల లాగుడుకు మించి ఒంటి మీద పడనివ్వదు. ఒకసారి కుట్లు పిగిలితే ఆ తాడు పారేయాల్సిందే.

కానీ ఇంత ఉన్నా, నాన్న అడిగిన దానికి ఇది జవాబు కాదు. గుంజ లేని పలుపు ఎద్దును ఆపుతుందా? అమెరికా నిబంధనల్లో కొక్కెం తగిలించే చోటు ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోల బరువు ఆపాలి. గోవాకు కట్టిన వెదురు బొంగు ఆపుతుందా? స్లాబ్ పోసేటప్పుడే ఇనుప కొక్కేలు పాతాలి, లేదా కాలమ్ నుంచి కాలమ్‌కు ఉక్కు తీగ లాగాలి. అది కూలి చేతిలో ఉన్న పని కాదు, డ్రాయింగు గీసేవాడి చేతిలో ఉన్న పని. తాడు పొడవు, తెగే కుట్ల పొడవు, మనిషి పొడవు కలిపితే కింద ఆరు మీటర్ల దాకా ఖాళీ కావాలి. మొదటి అంతస్తులో పొడుగు తాడు కడితే బెల్టుతో సహా నేలకు తగులుతాడు. వేలాడుతున్న మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది కనుక నిమిషాల్లో దించాలి. ఎవరు దించుతారో పొద్దున పని మొదలయ్యే ముందే తెలిసి ఉండాలి.

ఇంకో మాట. తొడల పట్టీలు చీర మీద ఎలా కడతారు? మన అమ్మలు చీర మీద చొక్కా తొడుక్కుని నాలుగో అంతస్తుకు కంకర మోస్తారు. వాళ్లకు బెల్టు ఇచ్చిన సైటు నేను చూడలేదు. ఇవ్వాలని ఎవరికీ తోచినట్టు కూడా లేదు.

చట్టం లేదా అంటే ఉంది. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది, 1998లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు 2020 నాటి లేబర్ కోడ్‌లలో అది కలిసిపోయింది. తనిఖీ వస్తుందంటే బెల్టులు గేటు దగ్గర వరసగా వేలాడతాయి, ఫొటోలు దిగుతాయి. పని మాత్రం గుత్తకు ఇస్తారు, గజాల లెక్కన డబ్బులు. కొక్కెం తీసి పెట్టుకుంటూ పోతే గజాలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. ఆ లెక్క అలాగే ఉంచి, "మనవాళ్లకు అవగాహన లేదు" అనడం నాకు నచ్చదు. మంచి బెల్టు, తాడు కలిపి రెండు మూడు వేల రూపాయలు. వాళ్లు కట్టే ఆ అపార్ట్‌మెంటులో ఒక్క చదరపు అడుగుకు అంతకంటే ఎక్కువే పలుకుతుంది.

అవగాహన సంగతే అయితే, 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద తాడు, హార్నెస్ పట్టుకుని నేర్చుకున్నారు. నేర్పితే పూర్ణకు వచ్చినది మా నాన్నకు రాదా? తాటిచెట్టు ఎక్కే గౌడన్నలు తరతరాలుగా మోకునే నమ్ముకున్నారు. 2024 జులైలో లష్కర్‌గూడలో ప్రభుత్వం వాళ్లకు కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవ్వడంతో పాటు శిక్షణ కూడా పెట్టారు. చెట్టుకు దొరికింది గోడకు ఎందుకు దొరకకూడదు?

ఇక్కడ మన సీనియర్ అన్నలను, అక్కలను ఒకటి అడుగుతున్నాను, కోపగించుకోవద్దు. మన హాస్టల్‌లో చదివి సివిల్ డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లు ఇవాళ సైట్లలో సూపర్‌వైజర్లు, ఇంజనీర్లుగా ఉన్నారు. పొద్దున హాజరు తీసుకునేది మీరే, స్లాబ్‌కు కడ్డీలు లెక్కపెట్టేదీ మీరే. ఆ కడ్డీలతో పాటు నాలుగు కొక్కేలు కూడా లెక్కపెట్టండి. పైనుంచి ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. ఉద్యోగం పోతుందనే భయం ఎంతటిదో మన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

మా నాన్న ఇప్పుడు గోవా ఎక్కడు, ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మెన్. మొన్న ఆ భవనానికి రంగులు వేయడానికి జూలా దించితే, పెయింటర్ పిల్లలను ఆపి తాడు పైన దేనికి కట్టారో చూపించమన్నాడట. వాళ్లు నవ్వారట. మేడ మీదికి కుంటుకుంటూ పోయి చూస్తే నీళ్ల ట్యాంకు పైపుకు కట్టి ఉందట. విప్పించి కాలమ్‌కు కట్టించేదాకా కిందికి దిగలేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది.