చిల్లర చిక్కు తీరింది, బాధ్యత చిక్కు మిగిలింది

టీ కొట్టు మొదలుకొని నగల దుకాణం వరకు గల్లా పెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట కనిపించని వ్యాపార స్థలం నేడు దేశంలో అరుదు. 2016 ఏప్రిల్ 11న నాటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురాం రాజన్ ముంబయిలో ఏకీకృత చెల్లింపుల వ్యవస్థను ప్రారంభించినప్పుడు అందులో చేరిన బ్యాంకులు 21 మాత్రమే. యూపీఐ పేరుతో ప్రజల నోట నానుతున్న ఆ వ్యవస్థ ద్వారా 2024-25 ఆర్థిక సంవత్సరంలో 18,500 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. చేతులు మారిన సొమ్ము సుమారు రూ.260 లక్షల కోట్లు. 2025 ఆగస్టులో ఒక్క నెల లావాదేవీల సంఖ్య తొలిసారి 2,000 కోట్లు దాటింది. పదేళ్ళ లోపు ఇంతటి విస్తృతి సాధించిన ప్రజోపయోగ వ్యవస్థలు మన దేశంలో వేళ్ళమీద లెక్కించదగినన్ని కూడా లేవు.

ఈ విజయాన్ని తక్కువచేసి చూపవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే ఆన్‌లైన్ చెల్లింపులవల్ల కలిగే లాభం ప్రభుత్వానికి, బ్యాంకులకు, వ్యాపారులకు, వినియోగదారులకు అందరికీ చెందుతుండగా, మోసం జరిగినప్పుడు నష్టం మాత్రం ఒక్క ఖాతాదారు నెత్తిన పడుతున్నది. సౌకర్యాన్ని పంచుకున్నవారు బాధ్యతను పంచుకోకపోవడమే ఈ వ్యవస్థలోని అసలు లోపం.

సామాన్యునికి ఒరిగినదేమిటి?

రిజర్వు బ్యాంకు, భారతీయ బ్యాంకుల సంఘం కలిసి 2008లో నెలకొల్పిన జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐని నిర్వహిస్తున్నది. ఒక బ్యాంకు ఖాతానుంచి మరో బ్యాంకు ఖాతాకు సొమ్ము నేరుగా, క్షణాలలో చేరడం దీని ప్రత్యేకత. ఏ కంపెనీ యాప్ వాడినా, ఏ బ్యాంకులో ఖాతా ఉన్నా ఇబ్బంది లేదు. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో 2011లో ప్రారంభమైన బికాష్ సేవ కోట్లాది పేదలకు చేరువైన మాట నిజమే. కాని అక్కడ సొమ్ము ముందుగా ఆ సంస్థవద్ద తెరిచిన ఖాతాలోకి చేరాలి, దానిని నగదుగా మార్చుకోవాలంటే రుసుము చెల్లించాలి. మన దేశంలో ఆ మధ్య అంచె లేకపోవడం పెద్ద వెసులుబాటు.

2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారులనుంచి రుసుము వసూలు చేయరాదని కేంద్రం నిర్ణయించింది. దానితో పది రూపాయల కొత్తిమీర కట్టకు సైతం ఫోన్‌తో చెల్లించడం సాధ్యమైంది. చిల్లర కోసం పక్క దుకాణానికి పరుగెత్తనక్కరలేదు, దొంగనోటు భయం లేదు, రాత్రివేళ సొమ్ము వెంటబెట్టుకొని ఇంటికి పోవలసిన పని లేదు. అంతకుమించి, రోజువారీ రాబడి బ్యాంకు లెక్కలోకి ఎక్కడంతో, వడ్డీ వ్యాపారిపై ఆధారపడిన చిరు వర్తకుడు బ్యాంకులో అప్పు అడగడానికి ఒక ఆధారం ఏర్పడింది. వలస కూలీ మనియార్డరు కోసం తపాలా కార్యాలయంలో వరుసలో నిలబడిన రోజులను తలచుకుంటే ఈ మార్పు విలువ తెలుస్తుంది.

ప్రాంతీయంగానూ ఈ వ్యవస్థకు గుర్తింపు లభించింది. భూటాన్‌లో 2021లో, శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరిలో యూపీఐ చెల్లింపులకు మార్గం సుగమమైంది. 2023 ఫిబ్రవరిలో సింగపూర్ చెల్లింపుల వ్యవస్థతో అనుసంధానం కుదిరింది. గల్ఫ్ దేశాలు, అమెరికా, బ్రిటన్ సహా పది దేశాలలోని ప్రవాస భారతీయులు అక్కడి ఫోన్ నంబర్లతోనే యూపీఐని వాడుకునేందుకు 2023లో వీలు కల్పించారు. ఉపాధికై దుబాయ్, మస్కట్‌లకు వెళ్ళిన తెలుగువారికి ఇది ఉపయోగకరమైన ఏర్పాటే.

మోసం దారి మార్చింది

పూర్వం జేబుదొంగ రద్దీ బస్సులో చేయి పెట్టేవాడు. ఇప్పుడు ఎక్కడో కూర్చుని, బాధితుని చేతితోనే మీట నొక్కిస్తున్నాడు. పాత మంచమో, ద్విచక్ర వాహనమో అమ్మకానికి పెట్టినవారికి కొనుగోలుదారుగా ఫోన్ చేసి, 'సొమ్ము జమ కావాలంటే ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అని నమ్మించడం ఒక పద్ధతి. పిన్ చెల్లించడానికే తప్ప స్వీకరించడానికి అవసరం లేదన్న చిన్న విషయం తెలియక వేలాదిమంది మోసపోయారు. నకిలీ వినియోగదారు సేవా నంబర్లు, ఫోన్ తెరను దూరంనుంచి చూడగలిగే యాప్‌లు, పోలీసు అధికారుల వేషంలో వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్టు' చేశామని బెదిరించడం మిగిలిన పద్ధతులు. ఇటువంటి అరెస్టు మన చట్టాలలో ఎక్కడా లేదు. అయినా వృద్ధులు, విశ్రాంత ఉద్యోగులు జీవితకాలపు పొదుపును గంటల వ్యవధిలో పోగొట్టుకున్నారు.

పార్లమెంటుకు కేంద్ర ఆర్థిక శాఖ తెలిపిన వివరాల ప్రకారం 2022-23లో 7.25 లక్షల యూపీఐ మోసాలలో రూ.573 కోట్లు పోగా, 2023-24లో మోసాల సంఖ్య 13.42 లక్షలకు, నష్టం రూ.1,087 కోట్లకు పెరిగింది. అన్ని రకాల సైబర్ ఆర్థిక నేరాలను కలిపి చూస్తే 2023లో ప్రజలు పోగొట్టుకున్నది రూ.7,465 కోట్లు కాగా, 2024లో అది రూ.22,845 కోట్లకు చేరిందని కేంద్ర హోం శాఖ వెల్లడించింది. మొత్తం లావాదేవీలతో పోలిస్తే యూపీఐ మోసాల శాతం స్వల్పమేనన్న వాదన ఉన్నది. లెక్క ప్రకారం అది నిజమే. కాని కూతురి పెళ్ళికి దాచిన రెండు లక్షలు పోయిన కుటుంబానికి శాతాలతో ఓదార్పు లభించదు.

'అనుమతి' అనే చిక్కుముడి

ఖాతాదారుల రక్షణకు రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశాలు జారీ చేసింది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో ఎక్కడో జరిగినప్పుడు, మూడు పనిదినాలలోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండరాదని, నాలుగు నుంచి ఏడు రోజులలోగా అయితే నష్టం పరిమితంగా ఉండాలని వాటి సారాంశం. ఖాతాదారు తప్పును నిరూపించవలసిన భారం బ్యాంకుదేనని కూడా అందులో స్పష్టం చేశారు. పేరుకు ఇది మంచి రక్షణే. కాని అది వర్తించేది ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకు. నేటి మోసాలలో అధిక భాగం బాధితుడు స్వయంగా పిన్ కొట్టినవి. భయపెట్టి కొట్టించినా, మభ్యపెట్టి కొట్టించినా బ్యాంకు దృష్టిలో అది అనుమతే. 'పిన్ మీరే వాడారు కదా' అన్న ఒక్క మాటతో ఫిర్యాదు మూతపడుతున్నది.

ఈ ధోరణిని న్యాయస్థానాలు ప్రశ్నించిన సందర్భాలు లేకపోలేదు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును తిప్పి పంపబోయి నకిలీ సేవా ప్రతినిధి వలలో చిక్కి, సుమారు రూ.94 వేలు కోల్పోయిన అస్సాం ఖాతాదారుకు ఆ సొమ్ము చెల్లించవలసిందేనని గౌహతి హైకోర్టు స్టేట్ బ్యాంకును ఆదేశించింది. ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జనవరిలో సుప్రీంకోర్టు నిరాకరించింది. మోసాలను పసిగట్టే సాంకేతిక పరిజ్ఞానం బ్యాంకుల చేతిలోనే ఉన్నదని, అవి అప్రమత్తంగా ఉండాలని సర్వోన్నత న్యాయస్థానం చెప్పడం గమనార్హం. బాధితుడు ఒకరోజు లోపలే ఫిర్యాదు చేయడం అతనికి కలిసివచ్చింది. అయితే లక్ష రూపాయల లోపు సొమ్ముకోసం సుప్రీంకోర్టు దాకా పోరాడగల స్తోమత, ఓపిక ఎంతమందికి ఉంటాయి?

మోసపోయిన సొమ్ము గాలిలో కలిసిపోదు. అది మరో బ్యాంకులోని మరో ఖాతాకే చేరుతుంది. నిరుపేదలకు, విద్యార్థులకు కొద్దిపాటి సొమ్ము ముట్టజెప్పి వారి పేర తెరిపించిన ఇటువంటి అద్దె ఖాతాలే నేరగాళ్ళకు ఆధారం. ఆ ఖాతా తెరిచిన బ్యాంకు వివరాలు సరిచూసుకున్నదా? నిన్నటిదాకా వెయ్యి రూపాయలు లేని ఖాతాలోకి నేడు లక్షలు వచ్చి, నిమిషాలలో బయటికి పోతుంటే ఎందుకు ఆపలేదు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన బాధ్యత సొమ్ము అందుకున్న బ్యాంకుపైనా ఉండాలి. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు సరిగ్గా ఈ సూత్రాన్నే అనుసరించాయి. మోసపోయి స్వయంగా సొమ్ము పంపిన ఖాతాదారుకు 85 వేల పౌండ్ల వరకు తిరిగి చెల్లించాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం భరించాలి. సొంత జేబుకు చిల్లు పడుతుందన్నప్పుడే ఏ సంస్థ అయినా కాపలా పెంచుతుంది.

ఉచితం వెనుక ఖర్చు

ఇంతటి భారాన్ని మోయడానికి సొమ్ము ఎక్కడిదని బ్యాంకులు అడగవచ్చు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం ఉన్నది. చిన్న వ్యాపారులకు రూ.2,000 లోపు చెల్లింపులపై 0.15 శాతం ప్రోత్సాహకం ఇచ్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2024-25కు రూ.1,500 కోట్లు మంజూరు చేసింది. రుసుము లేకపోయినా ఖర్చును ఎవరో ఒకరు భరించక తప్పదని 2025 జూలైలో రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా వ్యాఖ్యానించారు. అయితే ఖర్చు పేరిట కూరగాయల బండివానిపై రుసుము వేయడం న్యాయం కాదు. వేయక తప్పదనుకుంటే భారీ వ్యాపార సంస్థల వరకే దానిని పరిమితం చేసి, వచ్చిన సొమ్ములో ఒక భాగాన్ని బాధితుల సహాయ నిధికి కేటాయించడం ఉచితం.

రెండు విదేశీ కంపెనీల ఆధిపత్యం మరో ఆందోళన. వాల్‌మార్ట్ ఆధీనంలోని ఫోన్‌పే, గూగుల్ పే కలిసి యూపీఐ లావాదేవీలలో ఐదింట నాలుగు వంతులకు పైగా నిర్వహిస్తూ వచ్చాయి. ఏ యాప్ వాటా అయినా 30 శాతం మించరాదని 2020లో విధించిన పరిమితి గడువును పదేపదే పొడిగిస్తూ చివరకు 2026 డిసెంబరు 31కి జరిపారు. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న యూపీఐ స్తంభించినప్పుడు జేబులో నోటు లేనివారు పెట్రోలు బంకుల్లో, ఆసుపత్రుల్లో పడిన పాట్లు ఒకే దారిపై ఆధారపడితే ఏమవుతుందో చూపాయి.

ఇక చిరు వ్యాపారుల భయం వేరు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల ఆధారంగా నోటీసులు పంపగా, బెంగుళూరులో పలు దుకాణాలు క్యూఆర్ కోడ్‌లు తీసివేసి, నగదే ఇవ్వాలని బోర్డులు కట్టాయి. చివరకు పాత బకాయిలు వసూలు చేయబోమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసివచ్చింది. పన్ను చెల్లించవలసినవారు చెల్లించాల్సిందే. కాని ఖాతాలో పడిన ప్రతి రూపాయి వ్యాపార రాబడి కాదు, పాలు, కూరగాయలవంటి మినహాయింపు సరుకులు వేరు. ఆ తేడా చూడకుండా తాఖీదులు పంపితే జనం మళ్ళీ నోటునే ఆశ్రయిస్తారు. ఇప్పటికే నోటు పోలేదు. పెద్ద నోట్ల రద్దుకు ముందు 2016 నవంబరులో సుమారు రూ.18 లక్షల కోట్లుగా ఉన్న నగదు చలామణి, 2025 మార్చి నాటికి రూ.36 లక్షల కోట్లు దాటింది. స్మార్ట్ ఫోన్ లేనివారు, చూపు ఆననివారు, అక్షరం రానివారు ఉన్న దేశంలో నగదు వెనుకబాటుతనానికి చిహ్నం కాదు, అవసరం.

చేయవలసినదేమిటి?

ఖాతాదారు వైపునుంచి జాగ్రత్త తప్పనిసరి. పెద్ద మొత్తం ఉన్న ఖాతాను ఫోన్‌కు తగిలించకుండా, రోజువారీ ఖర్చుకు కొద్ది సొమ్ముతో వేరే ఖాతా ఉంచుకోవడం క్షేమం. మోసం జరిగిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయడం, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయడం అత్యవసరం. సొమ్ము అద్దె ఖాతాలు దాటకముందే స్తంభింపజేయగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. లావాదేవీ విఫలమై ఖాతాలో సొమ్ము తగ్గితే నిర్ణీత గడువులోగా జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలని 2019లో రిజర్వు బ్యాంకు ఆదేశించిన విషయం కూడా ఎక్కువమందికి తెలియదు.

అయితే జాగ్రత్తలు చెప్పి చేతులు దులుపుకోవడం పరిష్కారం కాదు. వ్యక్తుల మధ్య సొమ్ము కోరుతూ పంపే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయాలన్న జాతీయ చెల్లింపుల సంస్థ నిర్ణయం సరైనదే. చెల్లింపుల ధ్రువీకరణ నిబంధనలు పాటించకుండా జరిగిన లావాదేవీలో నష్టం వాటిల్లితే పూర్తి పరిహారం ఇవ్వాలన్న నియమానికి రిజర్వు బ్యాంకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించడం మరో ముందడుగు. మభ్యపెట్టి పిన్ కొట్టించిన మోసాలకూ ఇటువంటి రక్షణ కావాలి. కొత్త వ్యక్తికి తొలిసారి పెద్ద మొత్తం పంపేటప్పుడు కొంత వ్యవధి విధించడం, అద్దె ఖాతా తెరిచిన బ్యాంకుపై నష్టంలో వాటా మోపడం, ప్రతి శాఖలో తెలుగువంటి ప్రాంతీయ భాషలో ఫిర్యాదు రాయించుకునే ఉద్యోగిని ఉంచడం అసాధ్యమైన పనులేమీ కావు.

కాగితపు నోటుపై దానిలో పేర్కొన్న సొమ్ము చెల్లిస్తానన్న రిజర్వు బ్యాంకు గవర్నర్ వాగ్దానం, కింద ఆయన సంతకం ఉంటాయి. చదవడం రాని కూలీ కూడా ఆ నోటును నమ్ముతాడు. క్షణంలో చేతులు మారే కంటికి కనిపించని సొమ్ము వెనుక కూడా అంతటి వాగ్దానం, బాధ్యత వహించే ఒక సంతకం ఉన్న నాడే ఈ వ్యవస్థ సంపూర్ణమైనదని చెప్పగలం.