చతురగిరి కాలిబాట నిర్వహణలో పళియర్లకు నిర్ణయాధికారం ఉండాలి

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతాల తెలుగువారికి విజ్ఞప్తి

విరుదునగర్ జిల్లా పడమటి అంచున, వత్తిరాయిరుప్పు సమీపంలోని తాణిప్పారై నుండి చతురగిరి కొండపై సుందర మహాలింగస్వామి ఆలయానికి వెళ్ళే అడవి దారిలో అమావాస్య, పౌర్ణమి దినాలలో భక్తులు బారులు తీరుతారు. తమిళుల ఆడి నెలలో, అనగా జూలై, ఆగస్టులలో వచ్చే అమావాస్యకు ఆ రద్దీ అనేక రెట్లు పెరుగుతుంది. ఆలయం హిందూ ధర్మాదాయ శాఖ పాలనలోను, అడవి అటవీ శాఖ అధీనంలోను ఉన్నాయి. తేనె, దుంపలు, మూలికలు సేకరిస్తూ ఈ కొండలలో తరతరాలుగా బతుకుతున్న పళియర్ గిరిజనుల మాటకు మాత్రం ఆ దారిపై అధికారికమైన చెల్లుబాటు ఇంకా రావలసే ఉన్నది.

ఈ అడవి సామాన్యమైనది కాదు. బూడిదరంగు పెద్ద ఉడుత రక్షణకు 1988లో అభయారణ్యంగా ఏర్పడి, 2021లో మేఘమలైతో కలిసి పులుల అభయారణ్యమైంది. పైకొండలో వాన కురిస్తే, అంతవరకు ఎండి ఉన్న వాగు సైతం ఉన్నట్టుండి పొంగుతుంది. 2015 మే నెలలో అటువంటి వరదలోనే భక్తులు ప్రాణాలు కోల్పోయారు. వాగు తీరును ఏడాది పొడుగునా గమనించేవారి హెచ్చరికకు అధికారం తోడైతేనే ఇటువంటి ప్రమాదాలు తగ్గుతాయి.

అందుకు చట్టం మార్గం చూపింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరుల హక్కును, అనగా తాము సంప్రదాయంగా కాపాడుకుంటున్న అడవిని సంరక్షించి నిర్వహించుకొనే హక్కును గుర్తించి, వన్యప్రాణులను, నీటి వనరులను రక్షించే అధికారాన్ని వయోజనులందరి గ్రామసభకు ఇచ్చింది.

భక్తులకు ఆటంకం కలుగుతుందన్న శంక నిలవదు. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్యగా కొలిచే నల్లమలలో, ఉగాదికి కన్నడ భక్తులు అడవి దారిన నడిచి వస్తూనే ఉన్నారు, చెంచులు అటవీ రక్షణ శిబిరాలలో పనిచేస్తూనే ఉన్నారు. ఆస్ట్రేలియాలో 1985లో తమ భూమిని తిరిగి పొందిన అనంగు ప్రజలు, తామే అధిక సంఖ్యలో ఉన్న పాలకమండలి ద్వారా ఉలూరు శిలపైకి ఎక్కడాన్ని 2019లో ఆపించారు. అయినా సందర్శకులు శిల చుట్టూ ఉన్న బాటలో నడుస్తూనే ఉన్నారు.

కనుక ఈ క్రింది చర్యలు అవసరం:

1. పళియర్ గ్రామసభలు పెట్టుకొనే సామూహిక హక్కుల దరఖాస్తులను కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ జాప్యం లేకుండా పరిష్కరించాలి.

2. రెండు శాఖలతో కూడిన దారి నిర్వహణ సంఘంలో కనీసం సగం మంది పళియర్లు, వారిలో స్త్రీలు ఉండాలి. వాన సూచన కనిపించగానే దారి మూయించే అధికారం ఆ సంఘానికి ఉండాలి.

3. వాగుల కాపలాకు, దారి చూపడానికి ఏడాది పొడుగునా వేతనం ఇవ్వాలి. భక్తులు పారేసిన చెత్త మోయడమొక్కటే పళియర్ల వంతు కారాదు.

కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో చిత్రించినట్లు, ఈ కరిసల్ నేలకు, అనగా నల్లరేగడి సీమకు, తెలుగువారు దూరదేశం నుండి వలస వచ్చి స్థిరపడ్డారు. చతురగిరి కొండలలో తమకంటే ముందున్నవారి హక్కును గౌరవించడం వారికి తగిన పని. తెలుగు సంఘాలు, భక్త బృందాలు ముందుగా పళియర్ గ్రామసభలతో మాట్లాడి, వారి సమ్మతితో పై కోరికలను వచ్చే ఆడి అమావాస్యకు ముందే కలెక్టరుకు అందజేయాలి. కొండకు తీసుకువెళ్ళిన ప్లాస్టిక్‌ను తామే తిరిగి దించుకురావాలి.