బండి కొనేవాళ్లు తూకం అడగరు



ఉగాది తర్వాత హార్స్‌లీ కొండకు బైకుల మీద పోదామని కుర్రాళ్లు గ్రూపులో పెట్టినప్పటి నుంచి చూస్తున్నాం. పెద్దవాళ్లు సగం మంది "వద్దు, ప్రాణాల మీదికి తెచ్చుకోకండి" అంటున్నారు. కుర్రాళ్లు "అంకుల్, మీ కాలం వేరు" అంటున్నారు. కమిటీవాళ్లు బ్యానరు ఎంత పొడవుండాలి, జాకెట్ల మీద సంఘం ముద్ర ఎక్కడ వేయాలి అన్నదాని దగ్గరే ఆగిపోయారు. మూడు పక్షాలవాళ్లూ చదవాలనే ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగే. మేము చదివింది జోలార్‌పేటలో, తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. విషయం తప్పయితే మాత్రం వదలకండి.

మాకు అరవై నాలుగు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. మా ఇంటి కింద నిలబడి ఉన్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. రిటైరైన డబ్బులో కొంత తీసి, మావాడు కొంత వేస్తే కొన్నాం. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ దగ్గర నుంచి ఫ్యామిలీ డాక్టరు దాకా అందరూ నవ్వారు. నవ్వనీ. చిన్నప్పుడు మైసూరు యెజ్డీ మీద మనసుపడి, జీతం చాలక సైకిలుతో సరిపెట్టుకున్నవాళ్లం. ఆ కర్మాగారం 1996లో మూతపడింది, మా కోరిక మూతపడలేదు.

ఈ రకం బళ్లు తెలియనివాళ్లకు రెండు ముక్కలు. తారు రోడ్డు మీదా, మట్టి దారిలోనూ రెండింటా నడిచేలా చేసినవి ఇవి. ముందు చక్రం పెద్దది, 21 అంగుళాలు. నేలకూ ఇంజనుకూ మధ్య ఎడం ఎక్కువ, మా బండికి 230 మిల్లీమీటర్లు. షాకబ్సార్బర్లు 200 మిల్లీమీటర్ల దాకా దిగి లేస్తాయి. అందుకే సీటు ఎత్తు, 825. మేము కూర్చుంటే రెండు కాళ్ల వేళ్లు మాత్రమే నేలకు తగులుతాయి. పూర్తిగా మట్టికోసమే పుట్టిన సన్నటి బళ్లను ఎండ్యూరో అంటారు. వాటి అన్నగారి లాంటివి మన రోడ్ల మీద కనబడే ఈ పెద్దవి.

ఇక అసలు సంగతి. మేము రైల్వేలో కమర్షియల్ క్లర్కులం. అందులో పదిహేడేళ్లు పార్సెల్ ఆఫీసే. ట్రాన్స్‌ఫర్ అయిన ప్రతి బ్యాంకు ఉద్యోగి బండీ, చదువుకు పోయే ప్రతి పిల్లవాడి బండీ మా చేతుల మీదుగా పోయింది. పెట్రోలు చుక్క లేకుండా తీయించాలి, గడ్డి పెట్టి గోనెపట్టా చుట్టించాలి, ఆర్.సి. నకలు చూడాలి, తర్వాతే రసీదు. రైలు ఆగేది కాసేపు. ఆ కాసేపట్లో ప్లాట్‌ఫారం మీద నుంచి బ్రేక్‌వ్యానులోకి ఎత్తాలి. హమాలీ బండిని ఒక్కసారి పక్కకు వంచి చూసి ఇద్దరు చాలా, నలుగురు కావాలా చెప్పేసేవాడు. పదిహేడేళ్లలో ఏ హమాలీ కూడా "ఇది ఎన్ని సీసీ సార్" అని అడగలేదు. మన కుర్రాళ్లు షోరూములో అడిగేది అదొక్కటే. మా నోట ఇప్పటికీ తూకం అనే మాటకన్నా ముందు ఎడై అనే అరవ మాటే వస్తుంది. ఏ భాషలో అడిగినా సరే, అది అడగండి.

హిమాలయన్ 450 తూకం 196 కిలోలు. హీరో ఎక్స్‌పల్స్ 200 అని 2019లో వచ్చింది, అది 154. ఆఫ్రికా ట్విన్ లాంటి పెద్ద హోండాలు వీటికన్నా బాగా బరువు. నిలువుగా ఉన్నంతసేపు ఈ తేడా తెలియదు. ఇంజను మోస్తుంది, చక్రాలు మోస్తాయి. వంగినప్పుడు మీరు మోయాలి. ఇంకో మాట, ప్రపంచంలోనే కష్టమైనదని చెప్పే డాకర్ ర్యాలీలో మోటార్‌సైకిల్ ఇంజను 450 సీసీ మించకూడదని 2011 నుంచి నిబంధన. ఎడారి దాటేవాడికే 450 చాలినప్పుడు, మడివాళ నుంచి మదనపల్లె పోవడానికి వెయ్యి సీసీ ఎందుకో కొనేవాళ్లే చెప్పాలి.

ఇంత తెలిసినవాళ్లం మేమేం చేశామో చెప్పకపోతే అన్యాయం. మావాడు ఒకటొకటిగా ఆర్డరు పెట్టి పంపాడు. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు, వాటికి ఇనుప చట్రం, వెనక మూడో పెట్టె, క్రాష్ గార్డు, అదనపు లైట్లు. బిగించిన మెకానిక్కు కూడా "ఇప్పుడొచ్చింది సార్ గెటప్పు" అన్నాడు. మాకూ అలాగే అనిపించింది. అలాగే మేమిద్దరం లేపాక్షి పోయాం. పోయేటప్పుడు హైవే మీద చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి కొడికొండ దగ్గర తిరిగి, ఏ ఇబ్బందీ లేకుండా బసవన్న ముందు ఫొటో దిగాం. వచ్చేటప్పుడు మాకు బుద్ధి పుట్టింది. కొన్నది మట్టి దారి బండి, మట్టి తొక్కకుండా ఎలా అని హైవే వదిలి ఒక చెరువు కట్ట పట్టాం. ముందురోజు వాన పడింది.

పడింది వేగంలో కాదు. నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయే వేగం. ముందు చక్రం ఎర్రమట్టిలో జారింది, కాలు దించాం, వేళ్లు మాత్రమే అందే కాలు ఆ బురదలో ఏం ఆపుతుంది? బండి నెమ్మదిగా, ఎనుము పడుకున్నట్టు, పక్కకు పడుకుంది. మా ఇంటావిడ పాదం ఆ పెట్టె కింద ఉంది. పెట్టె లేకపోతే బండి క్రాష్ గార్డు మీద ఆగి కాలికి సందు ఉండేదేమో. పెట్టె అంచు సరిగ్గా మడమ మీద దిగింది.

లేపబోయాం. లేవలేదు. హ్యాండిలు పట్టుకుని పైకి లాగాం, అదే తప్పని తర్వాత తెలిసింది. మేము లాగినప్పుడల్లా బండి వేలెడు లేచి మళ్లీ ఆ పాదం మీదే కూర్చునేది. ఆవిడ అరవలేదు. "తొందరపడొద్దు, ఎవరైనా వస్తారు" అంది. ఆ మాట ఇప్పటికీ రాత్రిపూట వినబడుతుంది. చివరికి గొర్రెలు తోలుకొస్తున్న ఒకాయన, ఆయన కొడుకు పరుగెత్తుకొచ్చి ముగ్గురం కలిసి లేపాం. పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూసి, "ఏంది సామీ, సంసారమంతా దీనిమిందనే కట్టుకోనొచ్చినారా" అన్నాడు. మడమలో సన్నగా చీలిక. ఆరు వారాలు కట్టు.

ఇంటికొచ్చిన మరుసటి వారం మేము చేసిన మొదటి పని, బండికి బిగించినవన్నీ విప్పి పాత ఇనుము కొట్టులో కాటా మీద పెట్టడం. పెట్టెలూ చట్రాలూ కలిపి 22 కిలోలు. అందులో మేము నింపిన సామాను 16. అందులో ఇడ్లీలు, చట్నీ, ఫ్లాస్కు, గొడుగులు రెండు. గార్డు, లైట్లు, మిగతా ఇనుము తొమ్మిది. మొత్తం 47. రైల్వేలో సెకండ్ క్లాసు టికెట్టుకు ఉచితంగా అనుమతించే లగేజీ 35 కిలోలు. జీవితమంతా ఇతరుల సంచులు తూచి అదనానికి డబ్బు కట్టించుకున్న క్లర్కు, సొంత బండి మీదకొచ్చేసరికి తూచడం మరిచాడు.

ఇప్పుడు మా బండికి పెట్టెలు లేవు. గుడ్డ సంచులు రెండు, ఇద్దరికీ కలిపి ఎనిమిది కిలోలు. గార్డు ఉంచాం. మిగిలిన ఇనుము మావాడు అడిగితే వాడికే పంపుతాం. డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉందని అప్పుడు తెలిసింది, దానికి ఖర్చు కూడా తక్కువే.

మొదట ఎత్తు సర్దుకోవాలి. అందని కాలికి తక్కువ ఎత్తు సీటు దొరుకుతుంది, మేము అదే వేయించుకున్నాం. తర్వాత వెనక స్ప్రింగు. ఇది బెంగళూరులో నూటికి తొంభై మంది ముట్టుకోరనే మా అనుమానం. ఇద్దరు స్నేహితులను పిలిచి వెనక చక్రం గాల్లోకి లేచేలా బండిని పట్టుకోమనండి. ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన సీటు పక్కన ఒక గుర్తు పెట్టి టేపుతో కొలవండి. తర్వాత బండిని దించి, మీరు హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి కూర్చుని మళ్లీ కొలిపించండి. తేడా మొత్తం కదలికలో మూడో వంతుకు కాస్త తక్కువగా రావాలి. 200 మిల్లీమీటర్ల బండికి 60 దగ్గర్లో. మరీ ఎక్కువ దిగితే స్ప్రింగు మీది ఉంగరం బిగించాలి, దిగకపోతే వదులు చేయాలి. వెనక మనిషి కూర్చుంటే మళ్లీ కొలవాలి. మాది మేమిద్దరం కూర్చుంటే 90 దాటింది. అంటే వెనక కుంగి, ముందు చక్రం తేలిపోయి, ఆ చెరువు కట్ట మీద పట్టు లేక జారింది. అంతా వాన మీద నెట్టేశాం గానీ సగం తప్పు ఆ ఉంగరానిది, దాన్ని తిప్పని మాది.

గాలి సంగతి చిన్నది. మట్టిలోకి దిగేముందు కొంచెం తగ్గించాలి, తారెక్కగానే మళ్లీ నింపాలి. గేజీ జేబులో, పంపు సీటు కింద. గళ్ల టైర్లు మాత్రం హార్స్‌లీ కొండకు వేయించకండి. అక్కడికి మొత్తం తారే, తడి తారు మీద అవి జారతాయి. సైలెన్సరు మార్చడం గురించి మాట్లాడనే మాట్లాడం. మోటారు వాహనాల చట్టం ఒప్పుకోని మార్పుకు ఒక్కొక్కదానికి అయిదువేలు జరిమానా ఉంది, పక్కింటి పసిబిడ్డ నిద్ర ఖరీదు వేరే.

లేపడం నేర్చుకోవాలి. ఇంజను ఆపి, బండి గేరులో ఉందో లేదో చూసి, కుడివైపు పడితే ముందుగా సైడ్ స్టాండు తెరిచి పెట్టాలి. హ్యాండిలు నేలవైపుకు పూర్తిగా తిప్పాలి. బండికి వీపు పెట్టి, నడుము సీటుకు ఆనించి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టుకుని, చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. లేపేది తొడలు, నడుము కాదు. మా హమాలీలు బియ్యం బస్తా ఎత్తే పద్ధతి ఇదే, ముప్పయ్యేళ్లు చూసి కూడా మాకు అవసరమైన రోజున గుర్తు రాలేదు. ఇప్పుడు పెట్టెలు లేని మా బండిని అరవై నాలుగేళ్ల మేము ఒక్కళ్లమే లేపుతున్నాం. రోజుకు ఒకసారి మాత్రమే, రెండోసారి చేతకాదు.

పెద్దవాళ్లారా, యాత్ర వద్దనకండి. వద్దంటే వాళ్లు చెప్పకుండా పోతారు, అప్పుడు ఎవరి బండి ఎలా ఉందో మనకు తెలిసే దారి ఉండదు. కుర్రాళ్లు తరచుగా సి.ఎస్. సంతోష్ పేరు చెబుతారు. నిజమే, 2015లో డాకర్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు, మన బెంగళూరువాడు. అంతటివాడే 2021లో సౌదీలో పడి కోమా దాకా పోయి తిరిగొచ్చాడు. ఆయన పేరు చెప్పేవాళ్లు ఆయన కోలారు దగ్గర మట్టిలో బండి నడపడం నేర్పే చోటొకటి పెట్టాడని కూడా చెప్పాలి గదా. ఆ మాట గ్రూపులో ఒక్కరూ అనలేదు.

కమిటీకి మా విన్నపం ఒక్కటి. జాకెట్ల మీద ముద్రకు, బ్యానరుకు అనుకున్న డబ్బు అలాంటి ఒకరోజు శిక్షణకు పెట్టండి. యాత్రకు ముందు, తర్వాత కాదు. వెనక కూర్చునేవాళ్లను కూడా పంపండి. మన సంఘంలో వెనక కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే, వాళ్లను ఎవరూ ఏమీ అడగరు. వెనకవాళ్లకు హెల్మెట్ కర్ణాటకలో 2016 నుంచే తప్పనిసరి, బూట్లు మాత్రం ఎవరి చట్టంలోనూ లేవు. మా ఇంటావిడ ఆరోజు చెప్పులతో ఉంది. మాకు మాత్రం బూట్లున్నాయి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటి నుంచి మా పార్కింగులో టేపు, గేజీ, ఇనుము కొట్టు నుంచి తెచ్చిన కాటా ఉంటాయి. యాత్రకు వచ్చేవాళ్లు బండి, సామాను, వెనక కూర్చునే మనిషితో సహా రండి. ట్యాంకు నిండుగా పోయించుకోకండి. లీటరు ముప్పావు కిలో, పదిహేడు లీటర్లంటే లెక్క మీరే వేసుకోండి.