కొన్న నమూనా కన్నా కొలిచిన నమూనా మిన్న



మీ బడిలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగినప్పుడు బల్లల మీద వరుసగా నమూనాలు పెడతారు కదా! ఈసారి వాటిలో ఒకదాని దగ్గర నిలబడి, "ఇది అసలు వస్తువులో ఎన్నో వంతు?" అని అడిగి చూడండి. చాలాసార్లు జవాబు రాదు. ఎందుకంటే అది బజారులో కొన్న నమూనా. నిన్న సాయంత్రం కొన్న వస్తువును గురించి ఈ ఉదయం ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

కొలతలు తెలియని నమూనా ఎంత అందంగా ఉన్నా బొమ్మే అని నా అభిప్రాయం. కొలిచి చేసినది మాత్రం, కాస్త వంకరగా ఉన్నా, విజ్ఞానమే. ఇది ఎంతవరకు నిజమో ఒక కారును తీసుకొని పరిశీలిద్దాం.

ప్లాస్టిక్ కార్ల కిట్లను మీలో కొందరు చూసే ఉంటారు. పెట్టె తెరిస్తే కారు ఉండదు. చక్రాలు, తలుపులు, సీట్లు, ఇంజను భాగాలు అన్నీ ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా వేలాడుతూ ఉంటాయి. వాటిని జాగ్రత్తగా కోసి, అంచులు నునుపు చేసి, అతికించి, రంగులు వేయాలి. పెట్టె మీద 1:24 అనో, 1:43 అనో ముద్రించి ఉంటుంది. 1:24 అంటే అసలు కారు మీద 24 సెంటీమీటర్ల దూరం నమూనా మీద ఒక సెంటీమీటరు అన్నమాట. ఈ 24 ఎక్కడినుంచి వచ్చింది? అడుగుకు 12 అంగుళాలు. అడుగును అర అంగుళంగా తగ్గిస్తే సరిగ్గా 24వ వంతు అవుతుంది. చూశారా, పాత కొలతల లెక్క ఇంకా ఈ పెట్టెల మీద మిగిలే ఉంది!

ఈ కిట్లలో ఎక్కువ భాగం విదేశీ కార్లవే. మనం మాత్రం మన అంబాసిడర్‌ను తీసుకుందాం. ఈ కారును 2014 దాకా కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారుచేశారు. దాని పొడవు 4325 మిల్లీమీటర్లు, వెడల్పు 1662, ఎత్తు 1593. వీటిని 24తో భాగించండి. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, వెడల్పు 6.9, ఎత్తు 6.6 వస్తుంది. ఇంతవరకు సులభమే.

మరి బరువు? అంబాసిడర్ సుమారు 1100 కిలోల బరువుంటుంది. దాన్ని కూడా 24తో భాగించి 46 కిలోలు అంటారా? జానెడు కారు 46 కిలోలు ఎలా తూగుతుంది! ఇక్కడే జాగ్రత్త కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 24 రెట్లు తగ్గాయి. కాబట్టి ఘనపరిమాణం 24 × 24 × 24, అంటే 13,824 రెట్లు తగ్గింది. అచ్చంగా ఆ లోహాలతోనే, అదే నిష్పత్తిలో చేస్తే మన కారు సుమారు 80 గ్రాములే తూగుతుంది. పాఠ్యపుస్తకంలో ఘనాల లెక్క చేసినప్పుడు ఈ వింత మనకు తోచదు. చేతిలో కారు ఉన్నప్పుడు తోస్తుంది.

ఇక రంగు సంగతి. అసలు కారు మీద ఉండే రంగు పొర మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. మీరు కుంచెతో అంతే మందం పూశారనుకోండి. 24తో గుణిస్తే అది అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల పూతతో సమానం! అంత మందంగా పూస్తే తలుపుల గీతలు, అక్షరాలు పూడిపోక ఏమవుతాయి? అందుకే తెలిసినవారు ముందు భాగాలను సబ్బునీటితో కడిగి, జిడ్డు పోగొట్టి, రంగును పలుచన చేసి, రెండు మూడు పూతలుగా వేస్తారు. ఒక పూత ఆరాకే మరొకటి. ఓపిక ఇక్కడ మంచి గుణం మాత్రమే కాదు, లెక్క ప్రకారం తప్పనిసరి కూడా.

ఇంకొక విషయం. అసలు కారు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని 24తో భాగిస్తే కాగితం కన్నా పలుచనవుతుంది. అంత పలుచని ప్లాస్టిక్ నిలబడదు. అందుకని కిట్ తయారుచేసేవారు మందం పెంచక తప్పదు. అంటే ఏ నమూనా అయినా ఎక్కడో ఒకచోట అసలుతో సరిపోదు. అది తప్పేమీ కాదు. ఎక్కడ సరిపోదో చేసినవారికి తెలియకపోవడమే తప్పు. 1916లో మొదలై, ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర పరిశోధన సంస్థలో ఆనకట్టలకు చిన్న నమూనాలు కట్టి, నీళ్ళు వదిలి పరీక్షిస్తారు. నమూనాలో ఏది నిజానికి సరిపోతుందో, ఏది సరిపోదో తెలుసుకోకపోతే ఆ పరీక్షల మీద ఆధారపడి ఆనకట్ట కట్టగలరా?

"కిట్లు డబ్బున్న పిల్లలకు కదా, మాకెక్కడివి?" అని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. నిజమే. అయితే కిట్‌లోని గట్టి ప్లాస్టిక్ పేరు పాలీస్టైరీన్. మీ ఇంట్లో టీవీ పెట్టెలో వచ్చిన తెల్లని థర్మోకోల్ కూడా అదే పాలీస్టైరీన్! దానిలో ఎక్కువ భాగం గాలి నిండి ఉంటుంది, అంతే తేడా. కిట్‌కు వాడే జిగురులోని ద్రావణి ప్లాస్టిక్ అంచులను కొద్దిగా కరిగిస్తుంది. రెండు భాగాల అణువుల గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ద్రావణి ఆవిరయ్యాక రెండూ ఒకే ముక్క అవుతాయి. ఆ జిగురునే థర్మోకోల్‌కు రాస్తే అది కరిగి గుంట పడుతుంది. అందుచేత థర్మోకోల్‌కు ఫెవికాల్, నీటిరంగులు వాడాలి. ఒక హెచ్చరిక: ద్రావణి కలిసిన జిగురును, రంగులను కిటికీలు తెరిచిన గదిలో, నిప్పుకు దూరంగా, పెద్దలు దగ్గర ఉండగానే వాడండి. కత్తిని ఎప్పుడూ మీ వైపు లాగవద్దు.

థర్మోకోల్ కూడా అక్కర్లేదు. మన జిల్లాలో జొన్న దంటుకు కరువా? ఎండిన దంటు పైపొర ఒలిస్తే తెల్లని బెండు వస్తుంది. ఒలిచిన పొరను చీల్చితే పుల్లలు వస్తాయి. మీ తాతలు వీటితోనే ఎడ్లబండ్లు చేసుకున్నారు. వారి బండికీ మీరు చేయబోయే నమూనాకూ ఒకటే తేడా ఉండాలి. మీది కొలిచి చేసినది కావాలి.

ఏం కొలవాలంటారా? బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో చెరకు బండ్లు కాటా ముందు బారులు తీరి నిలబడేవి. మీలో చాలామందికి ఆ దృశ్యం తెలియదు. అంబాసిడర్లు రోడ్ల మీద అరుదైపోయాయి. చెరకు మోసిన ఎడ్లబండి ఏ దొడ్డిలోనో వానకు తడుస్తూ, ఎండకు పగులుతూ ఉంటుంది. అది వంటచెరకు కాకముందే మీరు టేపు పట్టుకొని వెళ్ళండి. చక్రం చుట్టూ తాడు చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. వ్యాసం వస్తుంది. ఆకులు ఎన్నో లెక్కపెట్టండి. కాడి, నొగ, ఇరుసు కొలిచి నోటు పుస్తకంలో రాసుకోండి. ఏ భాగం ఏ కర్రతో చేశారో, ఎంత చెరకు ఎత్తేవారో తాతను అడగండి. ఆ జవాబులు ఏ దుకాణంలోనూ దొరకవు.

అప్పుడు 24వ వంతుకు తగ్గించి చేయండి. నమూనా కింద ఒక చీటీ అతికించి, దాని మీద మూడు సంగతులు రాయండి: ఇది ఎన్నో వంతు, కొలతలు ఎక్కడ తీసుకున్నాను, ఇందులో ఏది అసలుతో సరిపోదు. ఉపాధ్యాయులకు కూడా నా విన్నపం ఒక్కటే. మార్కులు వేసేముందు నమూనా మెరుపు చూడకండి, ఆ చీటీ చదవండి.

ప్లాస్టిక్ కిట్ దొరికినవారు సంతోషంగా కారు చేసుకోండి, ఆ పెట్టె మీది అంకెను మాత్రం మరవకండి. దొరకనివారు విచారించకండి. టేపు, దారం, జొన్న దంటు చాలు. వచ్చే ప్రదర్శనలో ఎవరైనా మీ బల్ల దగ్గర నిలబడి "ఇది ఎన్నో వంతు?" అని అడిగితే, తడుముకోకుండా జవాబు చెబుతారు కదూ!