చేతియంత్రమునకు కంప్యూటరు తగునా?

గూడూరులో పట్టుచీరలు నేయు నేతవారి యింట అడుగుపెట్టినచో మగ్గముపైన వ్రేలాడు అట్టల వరుస కంటబడును. ప్రతి అట్టకును చిల్లులుండును. చిల్లియున్న చోట సూది లోనికి పోవును. దాని కొక్కెము లేచును. ఆ కొక్కెమునకు కట్టిన పడుగు పోగులు పైకి వచ్చును. చిల్లి లేని చోట పోగు కదలదు. నేతగాడు కాలితో త్రొక్కినప్పుడెల్ల ఒక అట్ట పోయి మరియొకటి వచ్చును. అంచునందలి హంస యిట్లే పుట్టుచున్నది. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరవాసియగు జోసెఫ్ మరీ జాకార్డు 1804వ సంవత్సర ప్రాంతమున కుదిర్చిన సాధనమిది.

నేతవారి బిడ్డలకు ఈ సంగతి మాకంటె బాగుగా తెలియును. అయినను ఇచ్చటనుండి మొదలిడుటకు కారణము కలదు. పాఠశాలల పనిగదులలోను చిన్న కార్ఖానాలలోను మూలబడియున్న చేతి మిల్లింగు యంత్రములకు మోటార్లు బిగించి కంప్యూటరుచే నడిపించిన బాగుండునని పలువురు చెప్పుచున్నారు. తల్లిదండ్రులలో కొందరు సంతోషించుచున్నారు, కొందరు భయపడుచున్నారు. ఈ విషయమున మాకు తోచినది చెప్పెదము.

మిల్లింగు యంత్రమనగా తిరుగు కట్టరు క్రింద ఇనుప ముక్కను జరిపి, కావలసిన ఆకారమునకు చెక్కు యంత్రము. ముక్కను బిగించిన బల్లను కుడియెడమలకు జరుపుటకొక చక్రము, ముందువెనుకలకొక చక్రము, ఎత్తుదింపులకొక చక్రము ఉండును. ఈ మూడు చక్రములను మనుష్యుని చేతికి మారుగా మోటార్లు త్రిప్పుటయే మార్పు యొక్క సారము. ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. అమెరికాలో జాన్ పార్సన్స్ అను యాయన హెలికాప్టరు రెక్కల పనిలో పడిన చిక్కునుండి ఈ యాలోచన పుట్టెను. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు సిన్సినాటి కంపెనీవారి హైడ్రోటెల్ మిల్లింగు యంత్రమును మార్చి, చిల్లుల కాగితపు పట్టీతో నడిపించి చూపిరి. గమనింపుడు! లోకమున మొదటి యట్టి యంత్రమే క్రొత్తగా పోతపోసినది కాదు, ఉన్నదానిని మార్చినది. దాని మెదడునకు సుమారు 300 వాల్వులు, అలమారులవంటి పెట్టెలు కావలసివచ్చెను. నేడు ఆ పనిని అరచేతిలో నిముడు చిన్న పలక చేయుచున్నది. దానిని నడుపు గ్రబుల్, లైనక్స్ సీఎన్‌సీ మున్నగు ప్రోగ్రాములు ఉచితముగ లభించుచున్నవి. నేతవారి అట్టకును ఆ కాగితపు పట్టీకిని గల చుట్టరికమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక లెక్క చూతము. ఒక చుట్టునకు బల్లను 2 మిల్లీమీటర్లు జరుపు మరచుట్టు స్క్రూ ఉన్నదనుకొందము. సాధారణమైన స్టెప్పరు మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేయును. కావున ఒక అడుగునకు బల్ల 0.01 మిల్లీమీటరు జరుగును. తలవెండ్రుక మందములో ఇది ఎన్నవ వంతో విద్యార్థులే చూచుకొందురుగాక. కాగితముమీద ఇంత చక్కని లెక్క మరియొకటి లేదు. చిక్కంతయు ఇనుములోనే యున్నది.

ఒక కార్ఖానాలో మేమే చూచితిమి. ఉత్సాహవంతులైన యువకులు పాత యంత్రమునకు మూడు మోటార్లు బిగించి, గుండ్రని బిళ్ళను చెక్కుటకు ఆజ్ఞ యిచ్చిరి. బిళ్ళ వచ్చినది, కాని నాలుగు దిక్కుల నాలుగు చోట్ల నొక్కినట్లుండెను. ప్రోగ్రాములో తప్పున్నదని వారు రెండు దినములు వెదకిరి. తప్పు అక్కడ లేదు. పాత స్క్రూకును నట్టునకును మధ్య అరిగిన సందు కలదు. మిస్త్రీలు దీనిని ప్లే యందురు. డయల్ గేజి పెట్టి చూడగా 0.2 మిల్లీమీటరున్నది. అనగా మోటారు దిక్కు మార్చినప్పుడెల్ల ఇరువది అడుగులు వట్టిగా తిరుగును, బల్ల కదలదు. అంతసేపును కంప్యూటరు మాత్రము బల్ల జరిగినదనియే లెక్క వ్రాసికొనుచుండును!

ఆ యంత్రముమీదనే పనిచేసిన ముసలి మిస్త్రీకి ఇది ముప్పది యేండ్లుగా తెలియును. ఆయన గుర్తును దాటి వెనుకకు త్రిప్పి, మరల ఒకే వైపునుండి గుర్తునకు వచ్చెడివాడు. ఎందుకని అడిగినవారు లేరు; కనుక ఆయన చెప్పలేదు. చేయి తీసివేసినప్పుడు చేతిలోని తెలివియు పోయినది.

కొన్ని ప్రోగ్రాములు ఈ సందును లెక్కలో సరిచేయగలవు. కాని లెక్క వేరు, పట్టు వేరు. కట్టరు తిరుగు దిక్కునకే ముక్కను నడిపినచో కట్టరు బల్లను తనవైపు లాగికొనును. సందున్నంత మేర బల్ల ఎగిరిపడును. అప్పుడు కట్టరు విరుగును, లేదా ముక్క పాడగును. దీనికి మందు బాల్ స్క్రూ. గుండ్లమీద తిరుగు నట్టగుటచే సందు మిక్కిలి స్వల్పము. అయితే దానికిని ఒక గుణము కలదు: అది నునుపుగా జారును గనుక, మోటారు ఆపినచో బల్ల నిలిచిన చోట నిలువదు. పాత స్క్రూ తనంత తాను పట్టుకొని యుండును. కావున బాల్ స్క్రూ వేసిన పిదప చేతిపని పాఠము చెప్పుట కష్టము. ఈ సంగతి ముందే తెలిసికొనక సొమ్ము వెచ్చించినవారు తరువాత చింతించుట సహజము.

అందుచే మా యభిప్రాయమిది. మార్పవలసినదే. క్రొత్త కంప్యూటరు యంత్రము వెల లక్షలలో నుండును. పాత పోత యినుము చెడదు. అయితే మొదటి యేడు పాత స్క్రూలే యుంచి, వెనుకకును ఇరుసు గల మోటార్లు బిగించి, చేతిచక్రములను తీయరాదు. చతురముగ నొక దిమ్మెను చేతితో చెక్కి, కొలిచి, తప్పెంతయో వ్రాసి చూపనివారిని కంప్యూటరు ముందు కూర్చుండనీయరాదు. బాల్ స్క్రూ మాట రెండవ యేట చూచుకొనవచ్చును. యంత్రమును ఆపు ఎఱ్ఱ బొత్తాము, బల్ల హద్దు దాటకుండ చూచు స్విచ్చులు మొదటిదినముననే యుండవలెను. కట్టరు మూలిగినప్పుడు మనుష్యుని చేయి నెమ్మదించును; మోటారునకు చెవులు లేవు. కంటి అద్దములు పెట్టుకొనుట, వోణీ కొంగు దోపుకొనుట, చేతితొడుగులు వేసికొనకుండుట — వీనిలో దయదాక్షిణ్యములు పనికిరావు.

భయపడు తల్లిదండ్రులతో నొకమాట. మీ భయము వట్టిది కాదు. జాకార్డు వచ్చినప్పుడు లియాన్‌లో మగ్గమునొద్ద దారములు లాగు కుర్రవాని కూలి పోయినది. మరమగ్గము చేతిమగ్గము నేమిచేసినదో ఈ ప్రాంతమువారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఆదోని చుట్టుపట్ల పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే పనికై వలసపోవుచుండగా, చేతిపని తగ్గించు యంత్రమును మెచ్చుకొమ్మనుట మాకును సులభము కాదు. కాని యంత్రము వచ్చునా రాదా యన్నది మన యిష్టములో లేదు; ఎవరి చేతిలో నుండుననునది కొంతవరకు మన యిష్టములో కలదు. 1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు నేతవారి సహకార సంఘమును స్థాపించినప్పుడు మగ్గమును మార్చలేదు. నూలు, అమ్మకము నేతవారి చేతికి వచ్చునట్లు చేసిరి. మూత బిగించిన యంత్రమును కొన్నవాడు, అది ఆగినప్పుడు బెంగుళూరునుండి మనిషి వచ్చువరకు కూర్చుండవలెను. తన చేతితో మార్చినవానికి ఏ తీగ ఎచ్చటికి పోవునో, ఏ నట్టు ఎంత అరిగినదో తెలియును. ఈ రెంటికిని కూలిలో గల భేదము చిన్నది కాదు.

మన తెలుగుదేశమునకు ఈ విద్య పరాయిది కాదు. సికింద్రాబాదున 1943లో వెలసిన ప్రాగా టూల్స్ వారు యంత్రములను చేయు యంత్రములనే తయారుచేసిరి.

మార్చిన యంత్రముమీద మొదట ఏమి చేయవలెనని విద్యార్థులడుగుదురు. పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ చేయుదమని అందరును అందురు. మేమైతే జాకార్డు అట్టలకు చిల్లులు కొట్టునప్పుడు ఆనవాలుగా పెట్టు చిల్లుల పలకను చేయుమందుము. వరుసగా సమదూరమున వందలకొలది చిల్లులు వేయవలెను. చేతిచక్రముతో లెక్క తప్పక వేయుట దినమంతయు పట్టు పని. చిల్లు వేయునప్పుడు బల్ల నిలిచియుండును గనుక కట్టరు లాగుడు బాధ లేదు. ప్రతి చిల్లునకును ఒకే వైపునుండి వచ్చునట్లు ప్రోగ్రాము వ్రాసినచో, ముసలి మిస్త్రీ చేసినట్లే, స్క్రూలోని సందు అడ్డురాదు. పాత స్క్రూతోనే ఈ పని నెగ్గును.

పలక పూర్తియైన పిదప మార్కులు వేయుటకు ఉపాధ్యాయులు తొందరపడనక్కరలేదు. గూడూరు నేతగాని కొకనికి ఇచ్చి, దానితో కొట్టిన అట్టలను మగ్గమున కెక్కింపుమనవలెను. ఒక్క చిల్లు తప్పినను హంస మెడమీద పోగు లేవదు. ఆయన చూచి చెప్పును.