నష్టమెంతో చూపాకే రుసుము

గడువుకు ముందే కనెక్షన్ వదులుకున్న వరంగల్ వినియోగదారుడిపై ఫోన్ కంపెనీ వేసే రుసుము న్యాయమా కాదా అనడానికి కొలత ఒక్కటే: కంపెనీకి నిజంగా జరిగిన నష్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ సహేతుకమైన పరిహారానికే ఒప్పుకుంటుంది. నష్టంతో పొంతన లేని జరిమానాను 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందంగా లెక్కగడుతుంది. రాయితీపై రూటర్ ఇచ్చాం, మీరే సంతకం పెట్టారు కదా అని కంపెనీలు అనొచ్చు. రూటర్ ఖర్చులో మిగిలిన బాకీ అడగడం సబబే. పదకొండు నెలలు బిల్లు కట్టినవారినీ, నెలకే మానేసినవారినీ ఒకే మొత్తం అడిగితే మాత్రం అది పరిహారం కాదు, శిక్ష. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. అయినా అన్యాయపు షరతు చెల్లదని ప్రకటించే అధికారాన్ని చట్టం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చింది. కొద్ది వేల రూపాయల తగాదాను హైదరాబాద్ దాకా లాగే ఈ ఏర్పాటును పార్లమెంటు సవరించాలి.